బలహీనుడు ఎవరు? ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ పునర్విమర్శ

ప్రస్తావన

2004 అక్టోబరులో విడుదలైన ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ తెలుగు కళాశాల హాస్యచిత్రాలలో ఇప్పటికీ జనాదరణ తగ్గని చిత్రం. రాజ్‌కుమార్ హిరాణీ హిందీలో తీసిన ‘మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.’ (2003) దీనికి మూలం. తెలుగులో జయంత్ సి. పరాన్జీ దర్శకత్వం వహించగా పరుచూరి సోదరులు సంభాషణలు సమకూర్చారు. చిరంజీవి శంకర్‌గా, శ్రీకాంత్ అతని అనుచరుడు ఏటీఎంగా నటించారు. ఇదే కథ తమిళంలో ‘వసూల్‌రాజా ఎం.బి.బి.ఎస్.’ (2004), కన్నడంలో ‘ఉప్పిదాదా ఎం.బి.బి.ఎస్.’ (2006) పేర్లతో వెలువడింది. ఒకే కథ నాలుగు భాషల ప్రేక్షకులను నవ్వించిందంటే, ఆ కథకు ఆధారమైన అనుభవం నాలుగుచోట్లా ఉన్నదనే అర్థం.

ఆ అనుభవం ఏమిటో గుర్తించడంలో తెలుగు విమర్శ పొరబడింది. చిత్రాన్ని మెచ్చుకొనేవారు దీనిని బలహీనుడి గెలుపు కథగా చెబుతారు. చదువురాని వీధి మనిషి, చదువుకున్న అహంకారాన్ని మానవత్వంతో ఓడించాడన్నది వారి వ్యాఖ్యానం. తిరస్కరించేవారు ఇది అగ్రనటుని కోసం అల్లిన పునర్నిర్మాణమనీ, సాహిత్యశాఖలు పట్టించుకోదగినది కాదనీ అంటారు. ఈ రెండు వర్గాల దృష్టీ కథానాయకుని మీదనే నిలిచింది. చిత్రంలోని వైద్యకళాశాలలో నిజంగా అడుగున ఉన్నది శంకర్ కాదు, రోగి మాట. చిత్రం ఆ సంగతిని గుర్తించి కూడా చివరికి వదిలివేసింది. అక్కడ ఆగిన పనిని అందుకోవలసిన తెలుగు శాఖలు ఇరవై ఏళ్లుగా దానివైపు చూడలేదు. ఈ వ్యాసం నిరూపించదలచినది ఇదే.

శంకర్ బలహీనుడా?

శంకర్ స్థితిగతులను పరిశీలిస్తే అతనికి బలహీనుడన్న పేరు ఏ విధంగానూ నప్పదు. అతనికి ధనం ఉంది, అనుచరులు ఉన్నారు, నగరంలో అతని పేరు చెబితే భయం ఉంది. పల్లె నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు తన స్థావరాన్ని ఒక్కపూటలో ఆసుపత్రిగా మార్చగల సామర్థ్యం ఉంది. కళాశాలలో కొత్త విద్యార్థులను వేధించే సీనియర్లు అతని ముందు నిలువలేరు. వీటన్నిటికీ మించి, తెరమీద ఆ పాత్రను ధరించినది అప్పటికే పాతికేళ్ల నటజీవితం గల అగ్రనటుడు. అతడు ఓడిపోతాడని ప్రేక్షకుడు ఏ దశలోనూ అనుకోడు.

శంకర్‌కు లేనిది ఒక్కటే. అది కళాశాల భాష. హాస్యమంతా ఆ ఒక్క లోటు మీద నిలిచింది. శరీరాన్ని ఆంగ్ల నామాలుగా విడదీసి చెప్పే తరగతిలోకి వీధి తెలుగు మాట్లాడే మనిషి ప్రవేశించడమే నవ్వుకు మూలం. అయితే ఈ లోటు శంకర్ ఒక్కడిది కాదు. ఆ ఆసుపత్రిలో మంచంమీద ఉన్న ప్రతి రోగికీ, వరండాలో నేల తుడిచే ప్రతి మనిషికీ ఉన్నదే. తేడా ఏమిటంటే శంకర్ ఆ లోటును బలంతో పూడ్చుకోగలడు, మిగిలినవారు పూడ్చుకోలేరు. కనుక శంకర్‌ను బలహీనుల ప్రతినిధిగా నిలపడం పొరపాటు. వారి మాటను తన నోట పలికిన బలవంతుడు అనడమే న్యాయం.

ఆ సీటు ఎవరిది?

బలహీనుడి గెలుపు అన్న వ్యాఖ్యానం పూర్తిగా దాచివేసే ఘట్టం మరొకటి ఉంది. శంకర్ వైద్యకళాశాలలో చేరిన తీరు అది. ఒక వైద్యుడిని లొంగదీసుకొని, అతనిచేత తన బదులు ప్రవేశపరీక్ష రాయించి సీటు సంపాదిస్తాడు. చిత్రం దీనిని నవ్వుల ఘట్టంగా దాటవేస్తుంది. విమర్శ కూడా నవ్వుతూనే దాటవేసింది.

ఆ సీటు గాలిలోనుంచి పుట్టలేదు. ప్రవేశపరీక్షలో ఒకరు అడ్డదారిన ముందుకు వస్తే, వరుసలో చివరినున్న మరొకరు కిందికి జారతారు. ఆ జారిపోయినవాడు ఎవరై ఉంటాడన్న ప్రశ్నకు చిత్రంలో చోటు లేదు. తెలుగునాట ఆ ప్రశ్నకు జవాబు ఊహించడం కష్టం కాదు. నెల్లూరుకు తూర్పున బంగాళాఖాతం వరకు సాగే తోటపల్లి గూడూరు మండలం వంటి చోట, రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా కాసే తండ్రికి, నాట్లకు పోయే తల్లికి పుట్టి, తెలుగు మాధ్యమంలో పదో తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఆంగ్ల పాఠ్యపుస్తకం ముందు కూర్చున్న విద్యార్థి వంటివాడే వరుస చివర ఉంటాడు. కళాశాల హాస్యచిత్రానికి నిజంగా బలహీనుడైన నాయకుడు కావలసివస్తే అతడే తగినవాడు. అతని సీటును కాజేసినవాడే తెరమీద అతని ప్రతినిధిగా జేజేలు అందుకున్నాడు.

ఇది సినిమా తర్కానికి అతిగా పట్టిన భూతద్దం కాదు. తెలంగాణలో 2016లో వైద్యప్రవేశాల కోసం జరిపిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందుగానే బయటపడటంతో ఆ పరీక్షను రద్దుచేసి మళ్లీ నిర్వహించవలసి వచ్చింది. నిజాయితీగా రాసిన వేలమంది మరోసారి పరీక్ష రాశారు. ఇంతటి వ్యవహారం నవ్వులాటగా తోచే ప్రేక్షకస్థితిని ఏ కళ తయారుచేసిందో చెప్పడం విమర్శకు విధి.

రోగి మాట

ఈ లోపంతోపాటే చిత్రం ఒక సత్యాన్ని చూపగలిగింది. అందుకే దానిని పక్కన పడవేయడానికి వీలులేదు. కళాశాలలో అడుగుపెట్టిన కొత్తలోనే శంకర్ ఒక ప్రశ్న వేస్తాడు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి ఆసుపత్రికి వస్తే ముందుగా కాగితాలు నింపడం అవసరమా అన్నది దాని సారం. తరగతికి అది తెలివితక్కువ ప్రశ్న. ఆసుపత్రి మెట్లమీద కూర్చున్న ఏ కుటుంబానికైనా అంతకంటే తెలివైన ప్రశ్న లేదు. చలనం లేని మనిషిని చక్రాల కుర్చీలో ఉంచి విద్యార్థుల ముందు పాఠానికి వస్తువుగా చూపే ఘట్టంలోనూ ఇదే జరుగుతుంది. అధ్యాపకుడు ఆ శరీరం గురించి మాట్లాడతాడు, శంకర్ ఆ మనిషితో మాట్లాడతాడు. ‘గురించి’ అన్న విభక్తికీ ‘తో’ అన్న విభక్తికీ మధ్యనున్న దూరమే ఈ చిత్రంలోని అసలు సంఘర్షణ. వ్యాకరణం తెలిసిన తెలుగు శాఖలకు ఈ సంగతి వేరెవరో చెప్పవలసిన అవసరం లేదు.

ఈ దూరం ఎంతటిదో తెరకు వెలుపల, నిత్యవ్యవహారంలో చూడవచ్చు. తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వచ్చిన రోగి తన బాధను తెలుగులో చెబుతాడు. వైద్యుడు దానిని ఆంగ్లంలో రాసుకుంటాడు. ఈ రెండింటి నడుమ జరిగేది అనువాదం. దానికి శిక్షణ ఇచ్చేవారు లేరు.

‘తల తిరుగుతోంది’, ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అన్న మూడు వాక్యాలను గమనించాలి. మొదటిదానిలో పరిసరాలు గిర్రున తిరుగుతున్న భావన ప్రధానం. మూడవదానిలో చూపు చీకటిపడి స్పృహ తప్పబోతున్న భావన ప్రధానం. రెండవది సందర్భాన్నిబట్టి రెండింటికీ చెల్లుతుంది. వైద్యశాస్త్రంలో మొదటిది చాలాసార్లు లోచెవికి సంబంధించిన రుగ్మతను, మూడవది రక్తపోటుకూ గుండెకూ సంబంధించిన ఇబ్బందిని సూచిస్తుంది. మూడింటినీ ఒకే ఆంగ్లపదం కింద రాసుకున్న వైద్యుడు రోగి స్వయంగా చేసి ఇచ్చిన విభజనను చెరిపివేసినట్లే.

‘తిమ్మిరి’, ‘మొద్దుబారడం’, ‘మంటలు’, ‘లాగడం’ అన్నవి కాళ్ల బాధకు వాడే నాలుగు వేర్వేరు మాటలు. మధుమేహం ముదిరినవారిలో నరాలు దెబ్బతిన్న తీరును గుర్తించడానికి ఈ తేడాలే తొలి ఆధారాలు. ‘గుండెల్లో మంట’ అన్నది తరచుగా జీర్ణాశయపు ఆమ్లం వల్ల కలిగే బాధ. అలాగని ప్రతిసారీ దానిని కడుపు బాధగా కొట్టివేయడం ప్రమాదకరం, ఎందుకంటే గుండెపోటును సైతం రోగులు ఆ మాటతోనే చెప్పగలరు. ‘కడుపు’ అన్న ఒక్క పదమే జీర్ణాశయాన్నీ, ఉదరాన్నీ, గర్భాన్నీ తెలుపుతుంది. ‘కడుపు నొప్పి’, ‘కడుపుతో ఉంది’, ‘కడుపు పోయింది’ అన్న ప్రయోగాలలో అర్థం మారే తీరు తెలియని వైద్యుడికి గర్భస్రావం అజీర్ణంగా వినిపించవచ్చు.

‘వేడి చేసింది’ అన్న మాట ఇంకా లోతైనది. దానికి జ్వరమన్న అర్థం లేదు. తిన్న ఆహారం, ఎండ, నిద్రలేమి, మూత్రంలో మంట, నోటిపూత మొదలైనవాటిని ఒక్క శరీరసిద్ధాంతంలో కూర్చి చెప్పే వాక్యం అది. ఆ సిద్ధాంతం ఆధునిక వైద్యానికి సమ్మతం కాకపోవచ్చు. అయినా రోగి ఏ మందును నమ్మి వేసుకుంటాడో, ఏ మందును ‘ఇది వేడి’ అని మధ్యలో మానివేస్తాడో నిర్ణయించేది అదే. అంటే ఇది భావుకతకు చెందిన విషయం కాదు, వైద్యఫలితానికి చెందిన విషయం.

కౌగిలి చాలదు

రోగి మాటను వినిపించే అవకాశం వచ్చిన చోట చిత్రం దానిని కౌగిలితో భర్తీచేసింది. నేల తుడిచే కార్మికుని శంకర్ ఆలింగనం చేసుకుంటాడు. ఆ మనిషి కరిగిపోతాడు, ప్రేక్షకుడూ కరిగిపోతాడు. ఆ తరువాత కార్మికుడు ఏమి చెప్పాడు, ఏమి అడిగాడు, అతని పనిగంటలు మారాయా అన్నది కథకు అక్కరలేదు. రోగుల విషయంలోనూ అంతే. ప్రేమ ఔషధమన్న సూత్రం వెలువడగానే, వారు చెప్పుకోవలసినదంతా చెప్పుకున్నట్లు చిత్రం భావిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. హాస్యచిత్రం పాఠ్యప్రణాళికను సంస్కరించే నివేదిక కాదు గదా, దానినుంచి ఇంత ఆశించడం తగునా అని. ఆక్షేపణ సబబైనదే. చిత్రం తన పని తాను చేసింది. ప్రశ్నను లక్షలమంది ముందుంచింది. కథ చివర శంకర్ పట్టా పుచ్చుకోకుండానే కళాశాల విడిచిపోవడం వల్ల ఆ ప్రశ్న కళాశాల గోడల మధ్యనే మిగిలిపోయిందని కూడా ఒప్పుకొన్నట్లయింది. తప్పు చిత్రానిది కాదు. కౌగిలిని పరిష్కారంగా స్వీకరించి, ప్రశ్నను మరచిపోయిన విమర్శది.

విచిత్రమేమిటంటే, విమర్శ మరచిన ప్రశ్నను వైద్యవిద్యే తలకెత్తుకొన్నది. భారత వైద్యమండలి 2019లో ఎం.బి.బి.ఎస్. ప్రవేశం పొందినవారి నుంచి కొత్త పాఠ్యప్రణాళికను అమలుచేసింది. అందులో వైఖరి, నైతికత, సంభాషణ అన్న మూడింటినీ కలిపి ‘ఏట్‌కామ్’ పేరుతో బోధనాంశంగా చేర్చింది. చేరిన తొలినెలలో జరిగే ప్రారంభశిక్షణలో స్థానికభాష నేర్పడానికి చోటు కల్పించింది. తరువాత ఏర్పడిన జాతీయ వైద్యకమిషన్, విద్యార్థులు గ్రామాలలోని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించే పద్ధతిని ప్రవేశపెట్టింది. శంకర్‌ను చూసి నవ్విన తరగతి ఆలస్యంగానైనా అతని ప్రశ్నను పాఠంగా ఒప్పుకొన్నది. ఆ పాఠాన్ని తెలుగులో చెప్పవలసినవారు ఎవరన్నది ఇప్పుడు తేలవలసి ఉంది.

శాఖల నడుమ గోడ

తెలుగు శాఖకు హాస్యచిత్రం పరాయి వస్తువన్న వాదం చరిత్రకు నిలవదు. ఈ చిత్రానికి సంభాషణలు రాసిన సోదరులలో పరుచూరి గోపాలకృష్ణ సినిమారంగానికి రాకముందు తెలుగు అధ్యాపకుడు. తెలుగు హాస్యానికి పర్యాయపదమైన బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు పాఠం చెప్పినవారు. ఎం.ఎస్.నారాయణ భీమవరంలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసినవారు. మాట ఎక్కడ తడబడితే నవ్వు పుడుతుందో తరగతి గదిలో తెలుసుకొని తెరకు చేర్చినవారు వీరు. తమ శాఖల నుంచే వెళ్లిన ఈ విద్యను శాఖలు విద్యగా గుర్తించకపోవడం విడ్డూరం.

మరో గోడ పాలనాపరమైనది. ఒకప్పుడు వైద్యకళాశాలలు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధిలోనే ఉండేవి. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడి వాటన్నిటినీ తన పరిధిలోకి తీసుకొన్నది. వైద్యవిద్య ప్రమాణాలకు అది మేలుచేసి ఉండవచ్చు. తెలుగు శాఖా వైద్యకళాశాలా ఒకే విద్యాపరిషత్తులో కూర్చొనే అవకాశం మాత్రం దానితో పోయింది. ఆ తరువాత తెలుగు శాఖలు మాధ్యమం గురించి చేసిన వాదమంతా బడి చుట్టూ తిరిగింది. ఆంగ్లమాధ్యమంపై 2019లో వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానం కొట్టివేసినప్పుడు వ్యాసాలకు కొదవ లేదు. అదే భాష ఆసుపత్రి వార్డులో ఏ స్థితిలో ఉన్నదన్న వ్యాసాలు ఆ జోరున వెలువడలేదు.

వైద్యాన్ని దేశభాషలో బోధించడం అసాధ్యమన్న మాట కూడా చరిత్రకు విరుద్ధం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దారుల్ తర్జుమా అనే అనువాదసంస్థ అండతో, వైద్యంతో సహా ఉన్నతవిద్యను ఉర్దూలో బోధించింది. శంకర్‌దాదా కథ నడిచే నగరంలోనే ఇది జరిగింది. మధ్యప్రదేశ్‌లో 2022 అక్టోబరులో హిందీ వైద్యపాఠ్యపుస్తకాలు విడుదలయ్యాయి. అయితే ఇక్కడి ప్రతిపాదన అంతదూరం పోదు. ఆంగ్ల పారిభాషిక పదాలకు సంస్కృత సమాసాలు కట్టి పుస్తకాలు నింపడం వల్ల తోటపల్లి గూడూరు రోగికి ఒరిగేది లేదు. ఆ సమాసం అతనికి ఆంగ్లమంత దూరమే. వైద్యుడు ఆంగ్లంలోనే చదువుకోవచ్చు. తెలుగులో వినడం అతనికి నేర్పాలి.

నెల్లూరు జిల్లా ఈ విషయంలో రిక్తహస్తాలతో లేదు. పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి పేరుమీద నెల్లూరులో వెలసిన ప్రజావైద్యశాల పల్లె యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి పల్లెలకే తిరిగి పంపిన సంప్రదాయం గలది. అక్షరాస్యత ఉద్యమంలో చదివిన ఒక చిన్న వాచకపాఠం దూబగుంట స్త్రీలను కదిలించగా, 1992లో సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. ప్రజారోగ్యాన్ని మార్చే శక్తి తెలుగు వాక్యానికి ఉన్నదని చాటిన జిల్లా ఇది. 2014 నుంచి ఇక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల కూడా నడుస్తున్నది.

పద్ధతి కూడా కొత్తగా కనుగొనవలసినది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం ఊరూరా తిరిగి, రైతు నోట విని, జిల్లాలవారీ రూపభేదాలతో పదాన్ని నమోదుచేసే మార్గాన్ని చూపింది. ఇతర వృత్తుల సంపుటాలు దాని వెంట నడిచాయి. జబ్బు వృత్తి కాదు కనుక రోగి మాటలు ఆ ప్రణాళికలోకి రాలేదు. అదే మార్గంలో రోగి పదకోశాన్ని నిర్మించడం ఏ తెలుగు శాఖకైనా సాధ్యమైన పని. రొయ్యల గుంటలలో నిలబడినవారు, పడవమీద వేటకు పోయేవారు, నాట్లు వేసే స్త్రీలు తమ శరీరాన్ని ఏ మాటలతో చెప్పుకొంటారో మండలంవారీగా సేకరించాలి. ఒక్కొక్క మాటకు వైద్యుని చేత అర్థనిర్ణయం చేయించాలి. ఆ కోశాన్ని వైద్యవిద్యార్థుల ప్రారంభశిక్షణలో పాఠంగా చెప్పాలి. ప్రబంధ వర్ణనలలోని అవయవ ఉపమానాలమీద పరిశోధనగ్రంథాలు వచ్చినప్పుడు, జీవించి ఉన్న మనిషి తన అవయవాన్ని ఏమని పిలుస్తాడన్నదానిమీద ఎందుకు రాకూడదో శాఖలే సమాధానం చెప్పాలి.

ముగింపు

‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ను బలహీనుడి గెలుపుగా చదివినంతకాలం ఇద్దరికి అన్యాయం జరుగుతూనే ఉంటుంది. ఒకరు ప్రవేశపరీక్ష వరుసలో చివరినుండి జారిపోయిన తెలుగు మాధ్యమ విద్యార్థి, మరొకరు మంచంమీద ఉండి చెప్పిన మాట వినబడని రోగి. చాలాసార్లు ఈ ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఇల్లు. చిత్రం మొదటివాడిని చూడలేదు. రెండవవాడిని చూసి, కౌగిలించుకొని, సాగిపోయింది. విద్యాపరిషత్తులు వేరుపడినా తెలుగు శాఖకూ వైద్యకళాశాలకూ నడుమ ఉన్నది బస్సు దూరమే. రోగి పదకోశంలో మొదటి పుట కోసం ఎక్కడికి పోవాలని అడిగే పరిశోధకుడికి, నెల్లూరులో తోటపల్లి గూడూరు బస్సు ఎక్కమని చెప్పవచ్చు.